మూడో పేరాలో తప్పు

కమిటీ నాలుగు గంటలకు. నేను సైదాబాద్‌లోని ఆ కాలేజీ గేటు ముందు బండి ఆపేసరికి పదకొండు ఇరవై. నా చేతిలో ఉన్నవి నాలుగు గంటల నలభై నిమిషాలు. అందులో మొదటి పది నిమిషాలు ఇషాక్ ఏడుపుకే పోయాయి.

ఇషాక్ షాలిబండలో షేర్వానీలు కుట్టే దర్జీ. నా పెళ్ళి సూటు కుట్టింది వాడే. ఆ సూటు ఇప్పుడు నాకు పట్టకపోవడం సూటు తప్పు కాదని పాతికేళ్ళుగా దెప్పుతున్నదీ వాడే. ఇవాళ మెడలోని టేపు కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చాడు.

"డానియేల్ భాయ్, నా బిడ్డ మాహిరా గట్లాంటిది కాదు. దొంగ వ్యాసాలు రాసి అమ్మిందంటున్నరు. ఇయ్యాల కమిటీ కూసొని మూడేండ్లు కాలేజీ బయటికి పంపుతరంట. బీఎడ్ సీటు గిట్ల పోతది. చిన్నప్పటి సంది టీచరయిత టీచరయిత అనుకుంట నా దుకాణం గోడ మొత్తం చాక్‌పీసుతోని ఖరాబు చేసింది భాయ్!"

"జర ఊపిరి తీస్కో ఇషాక్. నేనున్న గదా."

నేనున్నానని చెప్పడం తేలిక. నేను ఒకప్పటి సబ్ ఇన్‌స్పెక్టర్ని, ఇప్పుడు ఛత్రినాకలో ఒక గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నవాణ్ణి. పెళ్ళికొడుక్కి నిజంగా ఉద్యోగం ఉందా లేదా అని వాకబు చేయడమే ఎక్కువగా నా పని. పైగా ఈ కేసు పట్టింది వైకుంఠం.

వైకుంఠం ఈ కాలేజీ విజిలెన్స్ ఆఫీసర్. ఆరో తరగతిలో వాడూ నేనూ ఒకే బెంచీ. పోలీసులో ఒకే ఏడాది చేరాం. వాడి కేసులో నేను, నా కేసులో వాడు వేలు పెట్టకుండా ఉన్న ఏడాది లేదు. నన్ను చూడగానే మీసం సవరించుకున్నాడు.

"వచ్చినవా? నీ కోసమే చాయ్ చెప్పలే."

"చాయ్ వద్దు. సాక్ష్యం చూపియ్యి."

టేబుల్ మీద ఒక కట్ట పడేశాడు. "నలభై ఒక్క వ్యాసాలు. నలభై ఒక్క మంది పోరలు. అన్నీ ఆన్‌లైన్ల ఒకటే సైటు కాడ కొన్నరు. ఫైలు తెరిచి చూస్తే, చేసినోళ్ళ పేరు అన్నిట్ల ఒకటే. మాహిరా. ఇంకేం గావాలె నీకు?"

"అది ల్యాప్‌టాప్ ఎవరిదో చెప్తది. బుర్ర ఎవరిదో చెప్పదు. ఒక్కో ఫైలు మీద ఎంతసేపు పనిచేసిందో చూసినవా?"

వాడు చూడలేదు. నేను కంప్యూటర్ నా వైపు తిప్పుకున్నాను. మొదటి ఫైలు, ఎనిమిది పేజీలు, డెబ్బై నిమిషాలు. రెండోది డెబ్బై రెండు. మూడోది అరవై ఎనిమిది. అన్నీ సాయంత్రం ఐదుకూ ఆరున్నరకూ మధ్యనే.

"ఎనిమిది పేజీలు ఆలోచించి రాసే మనిషి మధ్యల ఆగడా? కొట్టేసి మళ్ళ రాయడా? ఇది రాసుడు కాదు వైకుంఠం. ఎవరో రాసింది చూసి కొట్టుడు."

"నీ కథలు నాలుగింటికి కమిటీకి చెప్పుకో."

"ఇవి చదివినవా అసలు?"

"నలభై ఒకటి ఎవడు చదువుతడు బే? పేర్లు కలిసినయ్, చాలు."

ఒళ్ళు మండింది. కట్టలోంచి మూడు వ్యాసాలు లాక్కుని, ముందు మాహిరాను చూస్తానన్నాను. పది నిమిషాలిచ్చాడు. ఎంత మొండివాడైనా ఆ మాత్రం మర్యాద ఉంది వాడికి.

మాహిరా పక్క గదిలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల. నన్ను చూసి లేచి నిలబడింది.

"పొద్దున తిన్నవా బేటా?"

"తిన్న చాచా."

అబద్ధం. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా జేబులోని బిస్కెట్ పుడా తీసి ఆమె ఒళ్ళో పెట్టాను.

"టైపు చేసింది నువ్వేనా?"

"నేనే."

"రాసింది?"

బిస్కెట్ పుడా విప్పడం మొదలుపెట్టింది.

"మీ అబ్బా గేటు కాడ మెడల టేపు ఏస్కొని నిలబడ్డడు. ఎవరిని కాపాడుతున్నవో నాకన్న చెప్పు."

కళ్ళు నిండాయి. "చాచా, మొదట్ల నాకు తెల్వది. పాఠాలు టైపు చేస్తున్న అనుకున్న. మా క్లాసుల దీక్షిత్ సెమినార్ల నిలబడి, నేను టైపు చేసిందే తన పేరు మీద చదివిండు. అప్పుడు తెలిసింది. తెలిసినంక కూడ చెప్పలే. గది నా తప్పు. గంతకు మించి అడగకుండ్రి."

ఆ పిల్ల మొండితనం చూస్తే కోపం రావాలి. నాకు ముద్దొచ్చింది.

వరండాలో స్టూలు మీద కూర్చుని ఆ మూడూ చదివాను. పన్నెండు పది నుంచి పన్నెండు నలభై వరకు. ఎంత బాగా రాశారో! మొదటిది 1908 మూసీ వరద మీద. ఎక్కడా ఎత్తి రాసిన వాసన లేదు. కథ చెబుతున్నట్టుంది. అలా సాగిపోతూ మూడో పేరాలో ఒక చోట కాలు తగిలింది. ఆస్పత్రి తోటలో నూట యాభై మంది వేపచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారట. అది చింతచెట్టు! పాతబస్తీలో ఏ ముసలామెను అడిగినా చెబుతుంది. ఇంత తెలిసిన మనిషికి అది తెలియదా?

రెండో వ్యాసం పార్లమెంటు మీద. మూడో పేరాలో రాజ్యసభ సభ్యుడి పదవీకాలం ఏడేళ్ళు అని ఉంది. ఆరు కదా! మూడో వ్యాసం నదుల మీద. ఈసారి సరాసరి మూడో పేరాకే వెళ్ళాను. "మూసీ గోదావరిలో కలుస్తుంది."

స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ఇవి తెలియక చేసిన తప్పులు కావు. కావాలని దాచినవి. ఈ ప్రపంచంలో మూడో పేరాలో తప్పు దాచే మనిషి నాకు ఒక్కరే తెలుసు.

1980, ఛత్రినాక సర్కారు బడి, సిక్స్త్ బీ. సోషల్ చెప్పడానికి కొత్తగా వచ్చిన ఖైసర్ బేగం టీచర్. నోట్సు చెప్పేటప్పుడు మూడో పేరాలో ఒక తప్పు కలిపి చెప్పేది. విన్నవాడు లేచి పట్టుకోవాలి. పట్టుకున్నవాడికి స్టీలు డబ్బాలోంచి ఒక నిమ్మతొన బిళ్ళ. ఆ ఏడాది నేను పదకొండు తిన్నాను. నా పక్కన కూర్చునే వైకుంఠం ఒక్కటి కూడా తినలేదు. ఇద్దరం పంచుకుందామంటే ఒప్పుకునేవాడు కాదు, తానే గెలుచుకుంటాననేవాడు.

ఒంటిగంటా ఐదుకు ఛత్రినాకలో ఆమె తలుపు తట్టాను.

"ఎవర్రా?"

"డానియేలును టీచర్. సిక్స్త్ బీ, నాలుగో బెంచీ."

"తెల్సులే. చెప్పులు బైట ఇడిసి రా."

డెబ్బైకి ఒక ఏడాది తక్కువ ఆమెకు. తెల్ల దుపట్టా, మందపాటి కళ్ళద్దాలు. నేను కూర్చోలేదు. గది చూశాను. కిటికీ కింద బల్ల. బల్ల మీద భూతద్దం, ఇంకు పెన్ను. రెండు కుర్చీలు, ఒకదానిలో ఎత్తు కోసం దిండు. మాహిరా పొట్టి పిల్ల. దిండు ఎదురుగా బల్ల మీద దుమ్ము పట్టని చోటు ఒకటి, సరిగ్గా ల్యాప్‌టాప్ అంత. కిటికీ గూట్లో అదే పాత స్టీలు డబ్బా. దాని పక్కన తెల్ల కాయితాల కట్టలు, ఒక్కో కట్టకు దారం కట్టి, పైన తారీఖు వేసి. ఆ గుండ్రటి చేతిరాత నా నోటు పుస్తకాల్లో ఎర్ర ఇంకుతో చూసిందే.

నమాజు అయ్యాకే మాటలంది; అది ముగించి ఆమె గ్లాసులో మజ్జిగ పోసేలోగా కట్టలు లెక్కపెట్టాను. నలభై రెండు.

వైకుంఠం దగ్గర ఉన్నవి నలభై ఒకటి.

"టీచర్, ఆ సైటుకు వ్యాసాలు రాస్తున్నది మీరేనా?"

గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. బుకాయించలేదు.

"నేనే రాస్తున్న. తెలుగు మీడియంల రాసేటోళ్ళు దొర్కుతలేరని ఫోన్ చేసిన్రు. పిల్లల కోసం నమూనా వ్యాసాలు అన్నరు. నా కండ్లకు కంప్యూటర్ కనవడదు. నేను చేత్తో రాస్తే మాహిరా టైపు చేస్తది."

"నమూనాలు కాదని ఎప్పుడు తెలిసింది?"

"రెండో నెలల. మొదటి పేజీ మీద పిల్లగాని పేరు, హాల్ టికెట్ నంబరు ఏసి పంపుమన్నరు. నమూనాకు హాల్ టికెట్ ఎందుకురా? అప్పుడే తెలిసింది."

"తెలిసీ ఆపలేదా?"

"ఆపలే."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కోపం రావడం నా జీవితంలో మొదటిసారి. "ఆ పోరలు బద్ధకానికి కొన్నరు టీచర్. మీకు తెలుసు, తెలిసి ఇచ్చిన్రు. బళ్ళె నేను పక్కోని స్లేటు చూసి రాస్తే మీరు నా చెవి పిండలేదా?"

తల వంచుకుంది. వంచుకునే చెప్పింది. "పదకొండేండ్లయింది రిటైరై. పదకొండేండ్ల సంది నన్ను ఎవ్వరూ ఏమీ అడగలేదు డానియేలు. కరెంటు బిల్లు కట్టినవా అని తప్ప. ఆ సైటుల దినాం ఒక ప్రశ్న వస్తుండె. వరద ఎందుకొచ్చింది, నది ఎటు పోతది... నాకు ఆశ పుట్టింది. తప్పే. అందుకే మూడో పేరాల ఒకటి దాచిన. ఒక్కడన్న చదివి, గిది తప్పుంది మార్చుండ్రి అని రాసి పంపితే, ఆ పిల్లగాడు నేర్చుకున్నట్టే అనుకున్న. డబ్బా నింపి పెట్టుకున్న."

"ఎంతమంది పట్టుకున్నరు?"

"మాహిరా ఒక్కతే. టైపు చేసుకుంట నవ్వేది."

ఆమెకు ఇవాళ్టి సంగతి తెలియదు. పరీక్షలున్నాయని, వారం రోజులు రానని మాహిరా చెప్పిందట. నేను చెప్పాను. కమిటీ, నాలుగు గంటలు, మూడేళ్ళు, బీఎడ్ సీటు, అన్నీ. విని ఆమె లేచింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుని, కొక్కేనికి వేలాడుతున్న బురఖా అందుకుంది.

"నడువు. నేను రాసిన అని చెప్త."

"మీరు చెప్తే మీ మీద కేసు పెడతరు టీచర్."

"పెట్టనీ. నా పిల్ల కుర్చీల నేను కూసుంట."

అప్పుడే తలుపు దబదబ మోగింది. నా వెనకాలే ఎవరో వస్తున్నారని చార్మినార్ దాటకముందే అనుమానం. గంటన్నర సందు చివర కాపు కాసి, రెండు నలభైకి ఆగలేక వచ్చాడు వైకుంఠం.

"డానియేలు! సాక్ష్యం దాస్తున్నవని నాకు తెల్సు! తలుపు తియ్యి, లేకపోతే..."

తలుపు తీసింది టీచర్. వాడు మిగతా మాట మింగేశాడు. యాభై ఆరేళ్ళ మనిషి, వంగి బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ఇది మీ ఇల్లని తెల్వది టీచర్."

"కూసో. అరవకు. పక్కింట్ల పిల్లలు చదువుకుంటున్నరు."

కట్టలు చూపించి జరిగింది చెప్పాను. నలభై ఒక్క వ్యాసాలూ ఆమె చేతిరాతలో, తారీఖులతో సహా ఉన్నాయి. మాహిరా కేవలం టైపిస్టు. వాడు పైనున్న కొన్ని కట్టలు తిరగేసి చూశాడు. తప్పు మనిషిని పట్టానని ఒప్పుకోవడానికి వాడికి నాలుగు నిమిషాలు పట్టింది. నాకైతే పది పట్టేది.

"సరే. ఈ కట్టలు కమిటీకి తీస్కపోదాం. పిల్లకు శిక్ష తక్కువయితది."

"లెక్కపెట్టు" అన్నాను.

లెక్కపెట్టాడు. నలభై రెండు దగ్గర ఆగాడు. వాడి మొహంలో రంగు పోయింది. నేను ఇరవై ఏళ్ళు దొంగల మొహాలు చూశాను, ఆ రంగు పోవడం నాకు తెలుసు. కానీ వాడి మొహంలో చూస్తాననుకోలేదు.

ఆఖరి కట్ట మీద పేరు టీచరే చదివింది. "వైకుంఠం. దూరవిద్య, బీఏ ఆఖరి ఏడు. అంశం, పోలీసు వ్యవస్థ, ప్రజల సహకారం."

నేను వాడి వైపు తిరిగాను.

"డిగ్రీ లేకపోతే ఈ ఉద్యోగంల ఉంచం అన్నరు" అన్నాడు వాడు నేల వైపు చూస్తూ. "దినాం పన్నెండు గంటల డ్యూటీ. ఎప్పుడు చదవాలె, ఎప్పుడు రాయాలె? ఒక పోరని ఫోన్ గుంజుకుంటె దాంట్ల ఈ సైటు కనవడ్డది. పట్టుకుందామనే చూసిన. చూసి... నా దానికి గూడ ఆర్డర్ పెట్టిన."

"పేరు చూడంగనే గుర్తువట్టిన రా నేను" అంది టీచర్. గొంతులో కోపం లేదు. "నీకోసం తేలికది పెట్టిన. పోలీసుకు ఫోన్ చెయ్యాలంటె 108 కొట్టాలె అని రాసిన. అది అంబులెన్సు నంబరు గదరా! ఇంతకాలం ఖాకీ బట్టలేస్కున్నోడివి, గిదన్న పట్టుకుంటవనుకున్న."

"చదవలే టీచర్. అట్లనే ఇచ్చేసిన. మార్కులు గూడ మంచిగనే వచ్చినయ్."

నాకు నవ్వు రావాలి. నలభై ఐదేళ్ళ పోటీలో వాణ్ణి ఇంతకన్నా కింద పడేసే అవకాశం నాకు మళ్ళీ రాదు. కానీ వాడు ఆ కుర్చీలో ఆరో తరగతి పిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు నవ్వు రాలేదు.

మూడు పన్నెండుకు వాడి ఫోన్ మోగింది. ప్రిన్సిపాల్ పంపిన మెసేజ్. చూసి అదిరిపోయాడు.

"మాహిరా ఒప్పుకున్నదంట! అన్నీ నేనే రాసిన అని కాయితం మీద సంతకం పెట్టింది. ఇగ కమిటీ కూసునేది ఉట్టిదే. పేరు కొట్టేస్తరు."

టీచర్ గుండె మీద చేయి వేసుకుంది. "కాయితం ఫోటో ఉన్నదా? చదువు. గట్టిగ చదువు, నాకు కనవడదు."

వాడు చదివాడు. మొదటి పేరా, నా పేరు మాహిరా, ఫలానా గ్రూపు, ఎవరి బలవంతమూ లేదు. రెండో పేరా, నలభై ఒక్క వ్యాసాలూ నేనే ఆలోచించి రాశాను, ఎవరి సాయమూ లేదు. మూడో పేరా, "ఇవన్నీ ఆదివారాలు సాయంత్రం కాలేజీ లైబ్రరీలో కూర్చుని..."

ఆగాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు.

నాకు అప్పటికే అర్థమైంది. నోటి దాకా వచ్చింది. టీచర్ నా వైపు చూసి వేలు పెదాల మీద పెట్టింది.

"ఆదివారం..." అన్నాడు వైకుంఠం నెమ్మదిగా. "ఆదివారం లైబ్రరీ ఉండదు. తాళం నా కాడనే ఉంటది. మూడేండ్ల సంది ఒక్క ఆదివారం గూడ తియ్యలే. ఇది..." తలెత్తాడు. "టీచర్, ఇది తప్పు! మూడో పేరాల తప్పు పెట్టింది పిల్ల!"

టీచర్ లేచి గూట్లోని స్టీలు డబ్బా తీసింది. మూత రావడం లేదు, నేను తీసిచ్చాను. ఒక నిమ్మతొన బిళ్ళ వాడి అరచేతిలో పెట్టింది.

వాడు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నోట్లో వేసుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు మీసాల మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు. నేను కూడా ఏడ్చాను. దాచుకోవడానికేముంది?

మూడు ఇరవై ఐదు. కట్టలన్నీ సంచిలో సర్దుతూ నేను ఆఖరి కట్ట తీసి వాడి వైపు చాపాను.

"ఇది నీ కాడ ఉంచుకో. నలభై ఒకటి చాలు కమిటీకి. నేను చూడలే, టీచర్ చూడలే."

వాడు ఆ కట్ట తీసుకున్నాడు. సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

"ఉద్యోగం పోతది రా" అన్నాను.

"పోనీ. నువ్వు జరుగు, టీచర్‌ను ఆటో ఎక్కియ్యాలె."

ఆటోలో టీచర్ మా ఇద్దరి మధ్యన కూర్చుంది. వైకుంఠం తన వ్యాసం మొదటిసారి చదువుకుంటున్నాడు, బుగ్గలో బిళ్ళతో. సైదాబాద్ దగ్గరికొస్తుండగా హఠాత్తుగా తల ఎత్తాడు.

"టీచర్, ఐదో పేజీల ఇంకోటి దొర్కింది."

"రెండు పెట్టిన రా నీకు. ఒకటన్న దొర్కుతదని." బురఖా జేబులోంచి ఇంకో బిళ్ళ తీసి ఇచ్చింది.

మూడు యాభై ఆరుకు కమిటీ గది తలుపు తోసింది వైకుంఠం. ముగ్గురు మెంబర్లు, ప్రిన్సిపాల్, గోడ పక్కన మాహిరా, ఆమె పక్కన టేపు మెడలో ఇషాక్. ప్రిన్సిపాల్ అప్పుడే పెన్ను మూత తీశాడు.

"సార్, ఒక్క నిమిషం" అన్నాడు వైకుంఠం. "ఈ పిల్ల రాసిన ఒప్పుకోలు కాయితం మీలో ఎవరన్న పూర్తిగ చదివిన్రా?"

"సంతకం ఉంది, చాలు" అన్నాడు ప్రిన్సిపాల్.

వాడు సంచిలో చేయి పెట్టి, పైనున్న కట్ట తీసి టేబుల్ మీద పెట్టాడు. "అయితే ముందు ఇది చదువుండ్రి. నాదే. కొన్నది నేను. రాసింది బైట నిలబడ్డ మా టీచర్. ఆమె చెప్పేది ఆమె చెప్తది. ఈ పిల్ల చేసింది టైపు ఒక్కటే."

ప్రిన్సిపాల్ పెన్ను మూత మళ్ళీ పెట్టాడు. నేను గోడ పక్కకు జరిగి మాహిరా దగ్గర నిలబడ్డాను. ఆమె తలుపు వైపు, తలుపులో నిలబడ్డ మందపాటి కళ్ళద్దాల వైపు చూస్తోంది.

"దొర్కిందా చాచా?" అని అడిగింది గుసగుసగా.

"దొర్కింది బేటా. నాకు కాదు, ఆయనకు."